కొలువు విడిచిన రామసేవకుడు – ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారు

మనసునకు సరిపడని కొలువులో నిలుచుటయా, దానిని విడుచుటయా అను సంశయము గృహస్థునకు ఎప్పుడో ఒకప్పుడు కలుగుచునే యుండును. శ్రీమద్రామాయణమున విభీషణుడు లంకను విడుచుటకు ముందు అన్నకు పలుమారు హితము చెప్పెను. ఆ హితము రావణుని చెవికెక్కలేదు. అవమానితుడైన విభీషణుడు ఆలుబిడ్డలను, ఐశ్వర్యమును అచ్చటనే యుంచి, నలుగురు అనుచరులతో శ్రీరామచంద్రుని పాదములను ఆశ్రయించెను. పెద్దలు ఈ ఘట్టమును శరణాగతికి నిదర్శనముగా చెప్పుదురు. అతడు దేనిని విడిచెనను దానికంటె, ఎవరిని చేరుటకు విడిచెననునది ముఖ్యము. గుంటూరు మండల చరిత్రలో చిరస్మరణీయులైన శ్రీ దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి జీవితమును ఈ దృష్టితో పరిశీలింపదగును.

వారు 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిరి. తండ్రి కోదండరామస్వామిగారు, తల్లి సీతమ్మగారు. పుట్టిన మూడవనాడే తల్లిని, మూడేండ్ల ప్రాయమున తండ్రిని కోల్పోయి, నాయనమ్మ, పినతండ్రి పోషణలో పెరిగిరి. గుంటూరులో చదువుకొని, బాపట్ల తాలూకా కచేరిలో కొంతకాలము పనిచేసిరి. పిదప మిత్రుడైన నడింపల్లి నరసింహారావుగారితో కలసి సముద్రము దాటి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందిరి. నందికేశ్వరుని అభినయదర్పణమును ఆనంద కుమారస్వామిగారితో కలసి ఆంగ్లమున వెలయించిరి. ఆ గ్రంథము 1917లో అచ్చయ్యెను.

స్వదేశమునకు వచ్చిన పిదప రాజమహేంద్రవరమున సర్కారువారి శిక్షణ కళాశాలలో అధ్యాపకులైరి. ఆ దినములలో సర్కారు కొలువనగా నెలనెలా జీతము, నలుగురిలో మర్యాద, ముదిమియందు పింఛను. తల్లిదండ్రులు లేక పెరిగినవానికి అంతకంటె పెద్ద అండ వేరొకటి లేదు. అయినను పైయధికారులతో పొసగక దానిని విడిచిరి. తరువాత బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో చేరిరి. అది పరదొరతనము వారిది కాదు. దేశభక్తులు త్యాగముతో నిలిపిన విద్యాలయము. అచ్చటను నిర్వాహకులతో అభిప్రాయభేదములు కలిగినవి. దానిని కూడ విడిచిరి.

రెండు తావులలోను ఇమడనివానిని గూర్చి, లోపము కొలువునందున్నదా, కొలుచువానియందున్నదా అని లోకము అడుగక మానదు. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. గోపాలకృష్ణయ్యగారి స్వభావము ఒకరి అదుపునకు లోబడునది కాదు. అయితే ఒకచోటు సరిపడక వెడలిన వానిని, అటుపిమ్మట అతడు చేసిన పనినిబట్టియే తూచవలయును.

వారు చీరాలకు వచ్చి స్థిరపడి, విద్యాపీఠగోష్ఠిని నెలకొల్పిరి. రామదండు అను పేర సేవకదళమును సమకూర్చిరి. ఆ సేవకులు కాషాయవస్త్రములు, రుద్రాక్షమాలలు, నుదుట కుంకుమ ధరించి రామనామముతో కదలెడివారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశమునకు వచ్చిన జనసమూహమును అదుపుచేసినది ఈ దళమే. కోదండరామస్వామి, సీతమ్మల కుమారుడు రామదండును నడపుట దైవసంకల్పమని భక్తులు భావించుట సహజము.

ఆనాడు చీరాల, పేరాల గ్రామములను సర్కారు మునిసిపాలిటీగా మార్చెను. ఏటికి నాలుగువేల రూపాయలుగానున్న పన్ను నలుబదివేలకు చేరునని జనులు కలతచెందిరి. మగ్గమును నమ్ముకొని బ్రదుకు నేతగాండ్రకు అది మోయరాని భారము. నిలుచుటయా, విడుచుటయా అను సంశయము ఇప్పుడు ఊరికంతకును వచ్చిపడెను. 1921 ఏప్రిల్‌లో గాంధీమహాత్ములు చీరాలకు వచ్చి, పన్ను చెల్లింపక శిక్షలకోర్చుట, ఊరు విడుచుట అను రెండు మార్గములను చూపి, నిర్ణయమును ప్రజలకే వదలిరి. పదునైదువేల జనములో పదమూడువేలకు పైబడి ఇండ్లు విడిచి, ఊరి పొలిమేర వెలుపల పాకలు వేసికొనిరి. ఆ వాడకు రామనగరమని పేరు పెట్టుకొనిరి.

ఒక్కడు కొలువు విడిచిన ఆ కష్టము ఒక ఇంటిది. ఊరు కదలినప్పుడు ముసలివారు, చంటిబిడ్డలు, పశువులు, మగ్గములు అన్నియు కదలవలెను. ఎండకు, వానకు ఓర్చి పదకొండు నెలలు వారట్లే నిలిచిరి. ఈ నడుమ బరంపురమున నిషేధాజ్ఞను మీరి ప్రసంగించినందుకు గోపాలకృష్ణయ్యగారికి ఏడాది కారాగారశిక్ష పడెను. వారు తిరుచిరాపల్లి చెరసాలలో నుండగా, నాయకుడు లేని జనము క్రమముగా ఇండ్లకు మరలెను. మునిసిపాలిటీ నిలిచెను. లౌకికదృష్టికి అది ఓటమియే.

విడుదలైన పిదపను వారు సుఖమును వెదకలేదు. లేమితో, క్షయవ్యాధితో క్రుంగి, 1928 జూన్ 10వ తేదీన ముప్పదితొమ్మిదవయేట పరమపదించిరి. గుంటూరు ప్రజలొసగిన ఆంధ్రరత్న బిరుదము వారి పేరితో నేటికిని నిలిచియున్నది.

ఈ చరిత్రను విని ఎల్లరును కొలువులు విడువవలెనని తలపరాదు. ఇంట పోషింపవలసినవారున్నవాడు ఓర్చి నిలుచుటయు ధర్మమే, అదియు భగవత్కైంకర్యమే. విడువదలచినవాడు మాత్రము విభీషణునివలె ముందు హితము చెప్పి చూడవలయును. అటుపై, తాను చేరబోవు తావేది, తన త్యాగపు భారమును మోయువారెవరు అని తన్ను తాను అడుగవలయును. గోపాలకృష్ణయ్యగారు తమ వంతు భారమును చెరసాలలోను, లేమిలోను తామే మోసిరి. మనసు చలించువేళ అట్టి నిశ్చయమును శ్రీరామచంద్రుడు భక్తులకు ప్రసాదించుగాక.