మత్తు వైద్యంలో తొలి మహిళ రూపాబాయి

మదనపల్లె: మూత్రాశయంలో రాళ్లకో, ప్రోస్టేట్ గ్రంథి వాపుకో శస్త్రచికిత్స తప్పదని వైద్యులు చెప్పినపుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల కుటుంబాలను ముందుగా కలవరపరచేది మత్తు. పెద్ద వయసులో మత్తును తట్టుకోగలరా అన్నదే వారి సందేహం. ఆ సందేహాన్ని తీర్చే విద్యకు జీవితాన్ని అంకితం చేసిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ హైదరాబాద్‌కు చెందినవారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను పేర్కొంటారు.

పార్సీ కుటుంబానికి చెందిన రూపాబాయి 1885లో హైదరాబాద్ వైద్య పాఠశాలలో చేరారు. నాడు ప్రవేశం పొందిన అయిదుగురు మహిళల్లో ఆమె ఒకరు. 1889లో హకీం పట్టా పొందారు. పాఠశాలకు సారథ్యం వహించిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం వాడకంలో నిపుణుడు. క్లోరోఫాంతో సంభవించే మరణాలకు కారణం తేల్చేందుకు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో 1888, 1889 సంవత్సరాల్లో రెండు కమిషన్లు ఏర్పడ్డాయి. జంతువులపై వందల ప్రయోగాలు జరిగాయి. గుండె కంటే ముందు శ్వాసే ఆగుతుందని, కనుక శ్వాసను కనిపెట్టి ఉండాలని కమిషన్లు తేల్చాయి. ఈ వాతావరణంలోనే రూపాబాయి శిక్షణ పొందారు. అనంతరం రెసిడెన్సీ, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రుల్లో రోగులకు క్లోరోఫాం ఇచ్చారు.

1915లో మదనపల్లెలో కళాశాలను నెలకొల్పిన అనీబిసెంట్ ప్రోత్సాహంతో ఆమె 1909లో ఎడిన్‌బరో వెళ్లారు. మత్తు వైద్యానికి అప్పట్లో ప్రత్యేక కోర్సు లేదు. మత్తు వాయువుల స్వభావం తెలియాలంటే అవసరమని భావించి భౌతిక, రసాయన శాస్త్రాలు అభ్యసించారు. తిరిగివచ్చి 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంట్‌గా పదవీ విరమణ చేశారు.

క్లోరోఫాం గుండెనూ హఠాత్తుగా ఆపగలదని 1911లో లండన్ వైద్యుడు గుడ్‌మన్ లెవీ నిరూపించారు. దాంతో శ్వాసతోపాటు నాడినీ గమనించవలసిందేనని తేలింది. క్లోరోఫాం కాలక్రమంలో కనుమరుగైనా, రోగిని క్షణక్షణం కనిపెట్టి ఉండాలన్న పాఠం నిలిచింది.

నేడు ప్రోస్టేట్ శస్త్రచికిత్సలకు ఎక్కువగా నడుముకు మత్తు సూది ఇస్తారు. రోగి మెలకువగానే ఉంటాడు. మూత్రనాళం ద్వారా గ్రంథిని తొలగించేటపుడు లోపలికి పంపే ద్రవం అధికంగా రక్తంలో కలిస్తే రోగి తికమకపడతాడు, ఆయాసపడతాడు. అతనితో మాట్లాడుతూ ఉండే మత్తు వైద్యులు ఆ మార్పును వెంటనే పసిగట్టగలరు. గుండె జబ్బు, ఉబ్బసం, మధుమేహం, వాడుతున్న మందులు, ముఖ్యంగా రక్తాన్ని పలచబరచే మాత్రల గురించి రోగి బంధువులు ముందే దాచకుండా చెబితే వారి పని సులువవుతుంది. ముప్పూ తగ్గుతుంది.