ఆండ్రూ కార్నెగీ

స్కాట్లండు దేశమున డన్‌ఫర్మ్‌లిన్ అను పట్టణములో 1835వ సంవత్సరము నవంబరు 25వ తేదీన నొక నేతగాని యింట ఆండ్రూ కార్నెగీ జన్మించెను. ఆవిరిమగ్గములు వచ్చుటచే తండ్రి చేతిమగ్గమునకు పని లేకపోయెను. చీరాల, మంగళగిరి ప్రాంతముల నేతపనివారి యిండ్లను చూచిన మన చదువరులకు ఈ కష్టమును వర్ణింప నక్కరలేదు. 1848లో ఆ కుటుంబము అప్పుచేసి ఓడయెక్కి అమెరికా చేరి, పిట్స్‌బర్గు చెంత కాపురముండెను. అచట బాలుడైన ఆండ్రూ ప్రత్తిమిల్లులో వారమునకు 1.20 డాలర్ల కూలికి కండెలు మార్చుచుండెను.

పిమ్మట తంతి కార్యాలయమున జాబులు చేరవేయు పని దొరకెను. ఆ యూర కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అను దొర, పనిపాటలు చేయు బాలురకు తన 400 గ్రంథములను శనివారములందు ఎరువిచ్చుచుండెను. ఈ యుపకారమును కార్నెగీ ఎన్నడును మరువలేదు. తరువాత రైలు కంపెనీలో ఉద్యోగము, ఆపై ఇనుము, ఆపై ఉక్కు. మధ్యవయస్సునకే ఆయన మిక్కిలి ధనవంతుడయ్యెను.

1889లో ఆయన యొక వ్యాసము ప్రకటించెను. ధనికుడు తాను బ్రతికియుండగనే తన ధనమును లోకహితమునకై వ్యయపరుపవలెననియు, అట్లు చేయక మృతినొందినవాని యాస్తిపై ప్రభుత్వము భారమైన పన్ను విధించుట న్యాయమనియు దాని సారాంశము. ధనికుడే ధనికులపై పన్ను కోరుట అరుదుగదా!

అయినను మూడేండ్లకే, 1892లో, హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారమున కూలి తగ్గింపును గూర్చి పనివారికిని యాజమాన్యమునకును వివాదము పొసగెను. కార్నెగీ స్కాట్లండులో నుండి, సర్వాధికారమును తన భాగస్వామియగు హెన్రీ ఫ్రిక్కున కొసగెను. జూలై 6వ తేదీన ఫ్రిక్కు పిలిపించిన 300 మంది ఆయుధపాణులు నదీమార్గమున రాగా ఘోరమైన పోరాటము జరిగి, ఉభయపక్షములందును ప్రాణనష్టము కలిగెను. తుదకు సైన్యము వచ్చెను. పనివారి సంఘము విచ్ఛిన్నమయ్యెను. దూరమున నున్నాడని కార్నెగీని నిర్దోషిగా నెంచజాలము. ఫ్రిక్కును బలపరచుచు ఆయన వర్తమానములు పంపుచుండెను. 1898లో ఆ హోమ్‌స్టెడ్ లోనే ఆయన యొక గ్రంథాలయమును తెరపించెను. దినమునకు పండ్రెండు గంటలు కొలిమి యెదుట నిలిచినవాడు ఎప్పుడు చదువగలడని పనివా రడిగిరి. పుస్తకములే జీవనాధారమైన ఉపాధ్యాయులమయ్యు, ఈ ప్రశ్నకు మాకు సమాధానము తోచలేదు.

ధనికుల స్నేహమును ధనముచేతనే చెడెను. ఫ్రిక్కు వాటా విలువను గూర్చి వారిరువురు కలహించి 1900లో న్యాయస్థానమున కెక్కిరి. మరుసటి యేడు బ్యాంకరగు జె. పి. మోర్గన్, ఈ ప్రబల ప్రతిస్పర్ధి పీడ వదలుటకై, కార్నెగీ కంపెనీని 48 కోట్ల డాలర్లకు కొనెను. నాటినుండి కార్నెగీ పంచిపెట్టుటయే పనిగా పెట్టుకొని, సుమారు 35 కోట్ల డాలర్లు దానమిచ్చెను. 2,500 పైచిలుకు గ్రంథాలయములు వెలసెను. 1916లో మృతుల యాస్తిపై పన్ను విధించు శాసనము అమెరికాలో వచ్చునప్పటికే ఆయన సొత్తులో నధికభాగము చేయిదాటిపోయెను.

1919 ఆగస్టు 11వ తేదీన ఆయన మరణించెను. ఫ్రిక్కు అదే సంవత్సరము డిసెంబరు 2వ తేదీన చనిపోయెను. వారిరువురు తుదివరకు సమాధానపడలేదు.