పూతలోని శక్తి: సర్ విలియం గ్రోవ్

మా చెన్నూరుకు చేరువనున్న మందమర్రి బొగ్గుబాయిలో దిగే కార్మికునికి టోపీ మీది దీపమే సూర్యుడు. ఆ దీపానికి ప్రాణం బ్యాటరీ. గనికి విద్యుద్దీపాన్ని తలపోసిన తొలివారిలో ఒకరైన మహనీయుని జీవితాన్ని పాఠకుల ముందుంచ సాహసిస్తున్నాము.

విలియం రాబర్ట్ గ్రోవ్ 1811 జూలై 11న వేల్స్ దేశంలో, బొగ్గుకూ రాగి కొలుములకూ పేరొందిన స్వాన్సీ పట్టణంలో జన్మించారు. ఆక్స్‌ఫర్డులో చదివి 1835లో న్యాయవాది అయ్యారు. అనారోగ్యం వల్ల వృత్తికి దూరమై విజ్ఞానశాస్త్రాన్ని ఆశ్రయించారు. 1839లో ఆయన నిర్మించిన జింకు, ప్లాటినం ఘటం అమెరికా తొలి తంతి కార్యాలయాలకు ఆధారమైంది.

విద్యుత్తు నీటిని ఉదజని, ఆమ్లజనులుగా విడదీస్తుంది. వాటిని తిరిగి కలిపితే విద్యుత్తు రాదా అన్నది గ్రోవ్ ఆలోచన. 1842లో ఆయన ప్రకటించిన వాయుఘటమే నేటి ఇంధనఘటానికి మూలం. వాయువు, ద్రవం, లోహం మూడూ కలిసే చోటనే చర్య జరుగుతుందని గ్రహించి, ప్లాటినం రేకులపై గరుకైన ప్లాటినం పూత నిలిపారు. లోహపు బరువు కన్న పూత విస్తీర్ణమే ప్రధానమని ఆ ఘటం చాటింది.

దీపపు మంట తగిలి గనివాయువు పేలి ప్రాణాలు పోతున్న కాలమది. గాజుపాత్రలో ప్లాటినం తీగను విద్యుత్తుతో వెలిగించి గనులలో వాడవచ్చునని 1845లో గ్రోవ్ వివరించారు. 1852లో, పలుచని వాయువులో విద్యుత్తు ప్రసరించినప్పుడు ఎదుటి పలకపై లోహపు పొర ఏర్పడుటను గమనించారు. నేడు శూన్యంలో సన్నని పూతలు వేసే ఒక విధానానికి అదే నాంది.

సంసార పోషణకై మరల న్యాయవాద వృత్తి చేపట్టి, 1871లో న్యాయమూర్తియై, 1896 ఆగస్టు 1న కన్నుమూశారు. వాయుఘటం ఆయన జీవితకాలంలో పరిశోధనశాల దాటలేదు. 1965లో మాత్రం ఇంధనఘటం జెమిని నౌకలో అంతరిక్షానికి ఎగసింది.

నేటి లిథియం బ్యాటరీలో రాగి, అల్యూమినియం రేకులపై వేసే పూత మందం వెంట్రుకతో పోల్చదగినది. ఋణ ఫలకపు పూత ఒకచోట పలుచనైతే అక్కడ లిథియం లోహం పేరుకొని, బ్యాటరీ అగ్నికి ఆహుతి కావచ్చును. అందుకే యంత్రాలు క్షణక్షణం ఆ మందాన్ని కొలుస్తూ సరిదిద్దుతాయి. కంటికానని ఆ పూత సమంగా ఉన్నప్పుడే చీకటిలోని కార్మికుని దీపం నమ్మదగినదవుతుంది. గ్రోవ్ సాధన మనకు నేర్పే పాఠమిదే.