సాలార్‌జంగ్ జేస్తే శౌకు, మనం జేస్తే పిచ్చి

కీసరల ఓ పోరగాడు కూడబెట్టిన పైసలతోని మంచి ఆంప్లిఫయరు, పెద్ద స్పీకర్లు కొంటే ఊరంత ఏమంటది తమ్మీ? పైసలు బుగ్గిపాలు జేసిండంటది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్‌ను మాత్రం ఎవలూ గట్ల అనరు.

గాయన 1889ల పుట్టిండు. అదే ఏడు తండ్రి పోయిండు. పసిగుడ్డుకే జాగీర్లు దక్కినయి. 1912ల ఏడో నిజాంకు దివాన్ అయిండు, 1914ల ఆ కొలువు ఇడిసిపెట్టిండు. పెండ్లి జేసుకోలె. ఇగ బతుకంత ఒక్కటే పని, వస్తువులు జమజేసుడు. యూరప్ తిరిగి కొన్నడు, యాపారులు దేవిడీకే సరుకు మోసుకొచ్చిరి. పింగాణీ, కత్తులు, గడియారాలు, దంతపు కుర్చీలు, రాతప్రతులు, ఏది కనవడ్తె అది. (అందరు ఎగవడి సూసే ముసుగు రెబెకా బొమ్మ మాత్రం తాత 1876ల కొన్నది.)

మరి గా పైసలు యాడికెల్లి వచ్చినయి? జాగీరు ఊర్లల్ల దున్నినోళ్ల శిస్తు. మన పోరడు తన చెమట పైసలు ఖర్సువెట్టిండు. ఎవలిది పిచ్చో మీరే జెప్పుండ్రి.

1949 మార్చి 2న గాయన సచ్చిపోయిండు, పిల్లలు లేరు. గదే ఏడు ఆగస్టుల జాగీర్లు రద్దయినయి. 1951 డిసెంబర్ 16న నెహ్రూ దేవిడీలనే మ్యూజియం తెరిసిండు. 1961ల పార్లమెంటు చట్టం జేసింది, 1968ల మూసీ ఒడ్డుకు మార్చిండ్రు. గిప్పుడు టికెట్ గొన్న ఎవలన్న గడియారం ముందల కూసోని, బొమ్మమనిషి బయటికొచ్చి గంట గొట్టుడు సూడొచ్చు.