ఖాజా నసీరుద్దీన్ తూసీ

ఖగోళ శాస్త్రం చదివినవారికి ఖాజా నసీరుద్దీన్ తూసీ పేరు కొత్తది కాదు. ఆయన బతికిన కాలం ఎలాంటిదో మాత్రం మనలో చాలామందికి తెలియదు. క్రీ.శ. 1201లో ఖురాసాన్‌లోని తూస్‌లో పుట్టారు. చదువుకున్నది నిషాపూర్‌లో. ఆ నగరాన్ని 1221లో మంగోలులు నేలమట్టం చేశారు.

ఊళ్ళకు ఊళ్ళే తగలబడుతుంటే పుస్తకం ముందేసుకుని కూర్చోడానికి చోటెక్కడ? ఇస్మాయిలీల కోటల్లో దొరికింది. అక్కడి పాలకుడి కోసం అఖ్లాఖె నాసిరీ అనే నీతిగ్రంథం రాసిచ్చారు. 1256లో హులగూ ఖాన్ ఆ కోటలు పట్టుకున్నాడు. తూసీ గారు అతని కొలువులో చేరారు. పాత ప్రభువును పొగిడిన పీఠిక తీసేసి కొత్తది రాశారు, ఇన్నాళ్ళూ తనను బలవంతాన ఉంచారన్నారు. ఇందులో నిజమెంతో పండితులు నేటికీ తేల్చలేదు. కత్తి నెత్తిమీదున్న మనిషి మాట అది!

1258లో బగ్దాదు కూలింది, ఖలీఫా ముస్తాసిమ్‌ను చంపేశారు. ఆ ముట్టడిలో తూసీ గారు హులగూ వెంటే ఉన్నారు. ఖలీఫాను చంపమని సలహా ఇచ్చింది ఈయనేనని తర్వాతి కాలంలో ఇబ్నె తైమియా వంటివారు నిందించారు. కాదన్నవారూ ఉన్నారు. కానీ ఆయన అక్కడున్న మాట మాత్రం దాచితే దాగేది కాదు.

మరుసటి ఏడే, అంటే 1259లో, అదే హులగూ చేత మరాఘాలో నక్షత్రశాల కట్టించారు. ఖానుకు జ్యోతిషం పిచ్చి. ఈయనకు కావలసింది లెక్కలు. శని గ్రహం ఒక చుట్టు తిరగడానికి ముప్ఫై ఏళ్ళు పడుతుంది గనుక అన్నేళ్ళు గడువడిగితే, పన్నెండేళ్ళలో తేల్చమన్నాడట ఖాన్. వక్ఫు ఆస్తుల అజమాయిషీ తూసీ గారి చేతిలో ఉండేది; ఖర్చులు అందులోంచే వచ్చేవి. డమాస్కస్ నుంచి ఉర్దీ, షీరాజ్ నుంచి ఖుత్బుద్దీన్ వచ్చారు, చైనా పండితులూ వచ్చారు. కాలిన ఊళ్ళలో మిగిలిన పుస్తకాలు అక్కడికి చేరాయి.

పెద్ద వలయం లోపల అందులో సగం వెడల్పున్న చిన్న వలయం దొర్లితే, దాని అంచుమీది చుక్క తిన్నగా గీత గీసినట్లు ముందుకూ వెనక్కూ కదులుతుందని ఆయన చూపించారు. 1543లో అచ్చయిన కోపర్నికస్ గ్రంథంలోనూ ఇదే అమరిక కనిపిస్తుంది.

హులగూ 1265లో పోయాడు. ఇల్ఖానీ జీజ్ పూర్తయ్యేసరికి అతని కొడుకు అబాఖా ఏలుతున్నాడు. 1274 జూన్‌లో తూసీ గారు బగ్దాదులో కన్నుమూశారు. ఆ నగరం దగ్గర్లోనే, కాజిమైన్‌లో, సమాధి చేశారు.