గాజుతొట్టెలో సముద్రము: ఝాన్ విల్‌ప్రూ పవర్

మగ్గముల చప్పుడు నడుమ పెరుగుచున్న మన టెంఘర్ బాలబాలికలకు సూదిపట్టిన యొక విదుషి చరిత్రము తెలుపుదుము.

ఝాన్ 1794లో ఫ్రాన్సు దేశమున చెప్పులు కుట్టువాని యింట జన్మించెను. పారిస్‌లో కుట్టుపనిచే పేరొందెను. 1818లో వివాహమై సిసిలీ ద్వీపమున మెస్సినాలో కాపురముండెను.

ఆర్గొనాటు అను ఎనిమిది చేతుల జలచరము తన పలుచని గుల్లను తానే నిర్మించునా, పరుల గుల్లలో జొరబడునా యని పండితులు వాదులాడుచుండిరి. చచ్చిన జంతువును కోసినంత తేలని సంగతి యది. అందుచే 1832లో ఆమె గాజుతొట్టెలో సముద్రజలము నింపి, ఆ జీవులను బ్రదికించి పరిశీలించెను. గుల్లను విరిచినచో అవి తామే అతుకుకొనెను. పిల్లజీవులు తామే గుల్ల కట్టుకొనెను. సందేహము తీరెను.

అటుపిమ్మట ఓడ మునిగి ఆమె సేకరణలు పెక్కు సముద్రము పాలయ్యెను. అంతకుముందే పండితసభలకు పంపిన ఫలితములు మాత్రము నిలిచెను. 1871లో ఆమె మరణించెను.

నేడు ఇండ్లలో పగడపుజీవులను పెంచు ఉప్పునీటి తొట్టెలకు ఆ గాజుతొట్టె పూర్వరూపము. విద్యార్థులారా, కన్నులార చూడుడు. చూచినది వ్రాసి పదుగురికి తెలుపుడు.