వంటింట్లో పుట్టిన కొలత

సైట్లో మనవాళ్లకి మంచి ఉపాయం తోచినా ఇంజనీరు ముందు నోరు విప్పరు. మన దగ్గర ఏం సర్టిఫికెట్ ఉందని అంటారు. డిప్లొమా వాడినైన నేనూ చాలాకాలం అంతే. అలాంటి వాళ్లందరూ ఆగ్నెస్ పాకెల్స్ గురించి తెలుసుకోవాలి.

ఆమె 1862లో వెనిస్‌లో పుట్టారు. తండ్రి ఆస్ట్రియా సైన్యంలో పనిచేసేవారు. మలేరియాతో ఆయన ఆరోగ్యం చెడి, 1871లో కుటుంబం జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌కి వచ్చేసింది. ఆగ్నెస్‌కి సైన్సంటే ప్రాణం. కానీ అప్పట్లో అక్కడ ఆడపిల్లలకి యూనివర్సిటీలో సీటు ఇచ్చేవారు కాదు. తమ్ముడు ఫ్రీడ్రిష్ ఫిజిక్స్ చదవడానికి వెళ్లాడు. అక్క ఇంటిపని చేస్తూ, జబ్బుపడిన అమ్మానాన్నల్ని చూసుకుంటూ ఉండిపోయారు. తమ్ముడిచ్చిన పుస్తకాలే ఆమెకి కాలేజీ.

18 ఏళ్ల వయసులో, గిన్నెలు కడిగిన నీళ్లమీద తేలే జిడ్డు చూసి ఆమెకి ఆసక్తి పుట్టిందంటారు. రేకుతో ఓ తొట్టె చేశారు. పొడవు 70 సెంటీమీటర్లు, వెడల్పు 5, లోతు 2. అంచుదాకా నీళ్లుపోసి అడ్డంగా రేకు పట్టీ పెట్టారు. పట్టీని జరిపితే జిడ్డు దగ్గరికి చేరుతుంది. నీటికి ఆనించిన చిన్న బిళ్లని త్రాసుతో పైకి లాగి, ఎంత బలానికి ఊడొస్తుందో కొలిచారు. అదే తలతన్యత. జిడ్డు పలచగా ఉన్నంతసేపు అది దాదాపు మారలేదు. ఒక హద్దు దాటి నొక్కగానే గబుక్కున పడిపోయింది.

పదేళ్లు ఆ లెక్కలు ఇంట్లోనే ఉన్నాయి. ఇంగ్లండులో లార్డ్ రేలీ ఇలాంటి పనే చేస్తున్నారని తెలిసి, 1891 జనవరిలో ఆయనకి జర్మన్‌లో ఉత్తరం రాశారు. రేలీ భార్య దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. అంత పెద్దాయన ఆ పనిని తన ఖాతాలో వేసుకోలేదు. ఆమె పేరుతోనే నేచర్ పత్రికకి పంపారు. మార్చిలో అచ్చయింది.

ఆ తొట్టెనే మెరుగుపరిచి 1917లో అమెరికాలో అర్వింగ్ లాంగ్‌మ్యూర్ అసలు సంగతి తేల్చారు. దగ్గరికి నొక్కిన ఆ జిడ్డు పొర మందం ఒక్క అణువే. నాటిన వరి నారులా ఒక కొస నీళ్లలో, మిగతాది పైకి, అణువులు నిటారుగా నిలబడతాయి. 1932లో ఆయనకి నోబెల్ వచ్చింది. అదే ఏడాది 70 ఏళ్ల ఆగ్నెస్‌కి బ్రౌన్‌ష్వైగ్‌లోని సాంకేతిక విద్యాసంస్థ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1935లో ఆమె కన్నుమూశారు.

ఇప్పుడు ఇలాంటి సేంద్రియ పొరల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో పరీక్షిస్తున్నారు. పొర గుండా ఎలక్ట్రాన్లు పంపితే, అవి చెదిరి ఏర్పడే చుక్కల్ని బట్టి అణువులు నిలబడ్డాయో పడుకున్నాయో తెలుస్తుంది. ఎలక్ట్రాన్ల దెబ్బకి ఆ అణువులు త్వరగా పాడవుతాయి, అందుకే తక్కువ మోతాదులో పంపుతారు. మనం రాత్రి ఇంటికి వీడియో కాల్ చేసే ఫోన్లో ఓఎల్ఈడీ తెర ఉంటే, అందులో వెలిగేవి సేంద్రియ పొరలే. వెలుగిచ్చే అణువులు తెరకి సమాంతరంగా పడుకుంటే వెలుగు ఎక్కువగా బయటికొస్తుంది.

చేతికందిన రేకుతో కొలవడం ఒక ఎత్తు. కొలిచింది రాసిపెట్టి, జంకకుండా పెద్దాయనకి ఉత్తరం వేయడం ఇంకో ఎత్తు. ఆ ఉత్తరం వేయకపోతే ఆమె లెక్కలు ఆ వంటింట్లోనే ఉండిపోయేవి.